పార్కింగ్ గచ్చు మీద తారు మరక: కిరసనాయిలు డబ్బా ముందే తెరవకండి

వేసవిలో వీధిలో కొత్తగా బీటీ రోడ్డు వేశారంటే, వారం తిరిగేసరికి ఆ వీధి అపార్ట్‌మెంట్ల పార్కింగుల్లో నల్ల మచ్చలు మొదలవుతాయి. వాచ్‌మన్ డీజిలో కిరసనాయిలో సీసాతో తెచ్చి మచ్చ మీద గుమ్మరిస్తాడు, చీపురుతో బరబరా రుద్దుతాడు. అరచేతంత నల్ల మచ్చ కాస్తా చేటంత గోధుమరంగు మచ్చవుతుంది. తర్వాత బాత్రూం యాసిడ్ వంతు. అదీ అయ్యాక చూస్తే మచ్చ మచ్చలాగే ఉంటుంది, చుట్టూ గచ్చు మాత్రం ఇసుక తేలి గరుకెక్కి ఉంటుంది.

ఇందులో కిరసనాయిలు తప్పేమీ లేదు. వరస తప్పు. తారును కరిగించడం తేలికే, కరిగిన తారును బయటికి తేవడమే కష్టం. సిమెంటు గచ్చు చూడటానికి రాయిలా ఉన్నా లోపలంతా సన్నని రంధ్రాలే. కలిపేటప్పుడు అవసరానికి మించి పోసిన నీళ్లు ఆరిపోతూ వదిలివెళ్లిన దారులవి. చిక్కటి తారు ఆ దారుల్లోకి అంత సులువుగా దిగదు, పైనే పెచ్చులా కూర్చుంటుంది. దాని మీద కిరసనాయిలు పోస్తే డికాషన్‌లా పల్చబడి లోపలికి ఇంకిపోతుంది. కిరసనాయిలు నాలుగు రోజుల్లో ఆరిపోతుంది, తారు లోపలే ఉండిపోతుంది. అందుకే కరిగించకుండా ఎంత ఊడదీయగలిగితే అంతా ముందు ఊడదీసెయ్యాలి. ద్రావకం పని ఆ తర్వాతే, అదీ కొలిచి.

ముందు అది ఏ తారో చూడండి

మనం తారు అనే మాటతో రెండు వేరు వేరు సరుకుల్ని పిలుస్తాం. రోడ్లకు వాడేది బిటుమెన్, ముడిచమురు శుద్ధి చేయగా అడుగున మిగిలేది. అసలు కోల్‌తార్ బొగ్గు నుంచి వస్తుంది. విశాఖపట్నంలో రెండూ తయారవుతాయి: రిఫైనరీలో బిటుమెన్, ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల దగ్గర కోల్‌తార్. పార్కింగులో కనిపించేది నూటికి తొంభై పాళ్లు బిటుమెనే. రోడ్డు నుంచి టైర్లకు అంటుకుని రావచ్చు, మేడ మీద లీకేజీకి వేసిన తారు షీటు నుంచి కారవచ్చు, గచ్చు పలకల మధ్య జాయింట్లలో పోసిందే ఎండకు ఉబికి రావచ్చు.

తేడా తెలుసుకోవడానికి తెల్లని బనియన్ గుడ్డ ముక్కను కొంచెం టర్పెంటైన్‌లో తడిపి మరక అంచున అయిదు నిమిషాలు ఉంచండి. గుడ్డకు చిక్కటి ముదురు గోధుమరంగు పడితే బిటుమెన్. లేత పసుపో ఆకుపచ్చ ఛాయో వచ్చి, కలరా ఉండల్లాంటి ఘాటు వాసన కొడితే కోల్‌తార్. దానికి టర్పెంటైన్, కిరసనాయిలు పెద్దగా పనిచేయవు, జైలీన్ అనే ఘాటైన పెయింటు ద్రావకం కావాలి. కోల్‌తార్‌లో క్యాన్సర్ తెచ్చే పదార్థాలున్నాయి కాబట్టి చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, పొడిగా గీకి దుమ్ము లేపవద్దు. గుడ్డకు ఏ రంగూ అంటకపోతే అది పైపులకూ ట్యాంకులకూ వేసే కోల్‌తార్ ఎపాక్సీ రంగు కావచ్చు. గట్టిపడ్డ ఎపాక్సీ ఇక కరగదు, దానికి గ్రైండింగే దారి.

కారు నాలుగు చక్రాలు నిలిచే చోట మాత్రమే, టైరు అచ్చు పడినట్టు నల్లగానో గోధుమగానో ఉంటే అది అసలు తారే కాదు. రబ్బరులో కలిపిన నూనెలూ రసాయనాలూ గచ్చులోకి దిగిన మరక. వేలితో తడిమితే మందం తగలదు. ఈ వ్యాసంలో చెప్పేదేదీ దానికి పనికిరాదు.

ఇంకో రకం ఉంది, దీన్ని గుర్తుపట్టకపోతే మొత్తం పని చెడుతుంది. రోడ్డు మీద కొత్త పొర వేసేముందు పాత పొర మీద పిచికారీ చేసే ఎమల్షన్. అది నీళ్లలో బిటుమెన్ కలిపిన ద్రవం. తడిగా ఉన్నంతసేపూ చాక్లెట్ రంగులో ఉంటుంది, నీరు విడిపోయాక నల్లబడుతుంది. గోధుమగా ఉండగానే చూస్తే అదృష్టం: గిన్నెలు తోమే పొడి చల్లి, గట్టి బ్రష్‌తో నీళ్లు పోసి రుద్దితే చాలావరకు పోతుంది. ఆ దశలో టర్పెంటైన్ గానీ కిరసనాయిలు గానీ పడకూడదు, పడితే ఎమల్షన్ గచ్చులోకి మరింత లోతుగా దిగుతుంది. పూర్తిగా నల్లబడి ఎండిపోయిందంటే మామూలు బిటుమెన్ కిందే లెక్క.

చల్లబరచడం, గీకడం

రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 రకం బిటుమెన్ మెత్తబడే ఉష్ణోగ్రత 47 డిగ్రీలకు తగ్గకూడదని ప్రమాణం. అంతకంటే చాలా కిందే అది జిగురుగా, వేలు నొక్కితే గుంట పడేలా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం నీడలో ఉన్న గచ్చు మీద కూడా అది బ్లేడుకు సాగుతుంది తప్ప తెగదు. అదే చలికి గాజులా పెళుసెక్కుతుంది. కాబట్టి పని తెల్లవారుజామున మొదలుపెట్టండి, మంచు పెట్టండి.

అడుగు పొడవు అడుగు వెడల్పు మరకకు రెండు మూడు కిలోల ఐసు సరిపోతుంది. ఐసును నేరుగా గచ్చు మీద పెట్టకండి. కరిగిన నీళ్లు రంధ్రాల్లోకి ఇంకితే తర్వాత వేసే పట్టు (ద్రావకం కలిపిన పొడి పూత) సరిగా పనిచేయదు. అడుగు చదునుగా ఉన్న పల్చటి స్టీలు గిన్నెలో ఐసు ముక్కలు నింపి మరక మీద కూర్చోబెట్టండి. మూడు వంతుల ఐసుకు ఒక వంతు కల్లుప్పు కలిపితే సున్నా కంటే చాలా కిందికి చల్లబడుతుంది, ఐస్‌క్రీం బండివాళ్ల కిటుకే ఇది. ఉప్పునీళ్లు మాత్రం గచ్చు మీద ఒలకకూడదు. లోపల ఇనుప చువ్వలుంటే తుప్పుకు అది మేతే.

ఇరవై ముప్పై నిమిషాలు ఆగి గిన్నె పక్కకు జరిపి, స్క్రూడ్రైవర్ మొనతో తారును పొడిచి చూడండి. గుంట పడితే ఇంకా చల్లబడలేదు. చిన్న పెచ్చు ఎగిరితే సిద్ధం. ఇక వేగంగా చేయాలి, రెండు మూడు నిమిషాల్లో అది మళ్లీ మెత్తబడుతుంది. అందుకే ఒకేసారి గిన్నె అడుగంత చోటే, ఒకటి గీకుతుంటే పక్కదాని మీద గిన్నె.

గీకడానికి పెయింటర్లు వాడే రెండంగుళాల పుట్టీ బ్లేడు చాలు, కాస్త గట్టి రకం తీసుకోండి. దాని రెండు మూలల్నీ ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి, లేకపోతే గచ్చు మీద గీతలు పడతాయి, ఆ గీతల్లో తారు చేరుతుంది. బ్లేడును బాగా వాల్చి పట్టి, వెనక నుంచి చిన్న సుత్తితో తట్టాలి. ఎప్పుడూ బయటి అంచు నుంచి నడిమికి. మందం ఎక్కువున్న చోట ఉలి వాడొచ్చు గానీ నిలువుగా పొడిస్తే గచ్చు పెచ్చు లేస్తుంది. ఊడిన ముక్కల్ని అప్పటికప్పుడు చేటలోకి ఎత్తేయండి. పావుగంట వదిలేస్తే అవి మెత్తబడి చెప్పులకు అంటుకుని మెట్లెక్కి ఇంట్లోకి వస్తాయి.

ఇనుప తీగల బ్రష్ ఇక్కడ వద్దు. తారు తీగల మధ్య చిక్కుకుని మళ్లీ గచ్చుకే పూస్తుంది, తెగిన తీగ ముక్కలు గచ్చులో ఇరుక్కుని వానాకాలంలో తుప్పు చుక్కలవుతాయి.

నునుపుగా తాపీతో మెరుగు పెట్టిన గచ్చయితే, తాజా మరక అయితే, ఈ దశలోనే ముప్పాతిక పని అయిపోతుంది. చీపురు గీతల గరుకు గచ్చు మీద లోయల్లో నల్లగా మిగులుతుంది. పాత మరకల్లో ఒక చిత్రం ఉంది: ఏళ్ల తరబడి గాలికి గట్టిపడ్డ తారు పెచ్చుగా తేలిగ్గానే లేస్తుంది, కానీ దానిలోని పల్చటి నూనెలు ఈలోగా గచ్చులోకి దిగిపోయి ఉంటాయి. పైన శుభ్రంగా కనిపిస్తుంది, కింద గోధుమ నీడ మిగులుతుంది.

ఏ ద్రావకం

పెయింటు షాపులో టర్పెంటైన్ అని అడిగితే ఇచ్చేది మినరల్ టర్పెంటైన్. ఈ పనికి అన్నిటికంటే అదే నయం. తారును బాగా కరిగిస్తుంది, ఆరిపోయాక తన జిడ్డు వదలదు. కిరసనాయిలు దాని తర్వాత, ఇప్పుడది అందరికీ దొరకడమూ లేదు. డీజిలు తారును కరిగిస్తుంది గానీ బరువైన నూనె, సరిగా ఆరదు. తారు మరక పోతుంది, డీజిలు మరక వస్తుంది. థిన్నర్, జైలీన్ గట్టివే, అయితే థిన్నర్ మరీ తొందరగా ఆవిరైపోతుంది, రెండిటి ఘాటూ ఎక్కువ. ఎపాక్సీ పూత ఉన్న నేల మీద పడితే పూతే లేస్తుంది. నేలకు పూత ఉందో లేదో తెలియకపోతే చుక్క నీళ్లు వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలిస్తే పూత ఉన్నట్టు, ఇంకి గచ్చు నల్లబడితే లేనట్టు.

పెట్రోలు గురించి ఒక్క మాట. దాని ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకోగలదు. స్టిల్ట్ పార్కింగులో కరెంటు మీటర్లు, మోటారు స్టార్టరు, లిఫ్టు, ఛార్జింగులో ఉన్న స్కూటర్లు అన్నీ అక్కడే ఉంటాయి. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకి లిఫ్టు గుంతలోకి దిగుతుంది. అక్కడ పెట్రోలుతో మరకలు తుడవడం కొరివితో తల గోక్కోవడమే. కిరసనాయిలూ పూర్తి నిరపాయం కాదు. మన ప్రమాణాల్లో దాని ఫ్లాష్ పాయింటు, అంటే ఆవిరి నిప్పుకు అంటుకోవడం మొదలయ్యే వేడి, కనీసం 35 డిగ్రీలు, టర్పెంటైన్‌దీ ఆ చుట్టుపక్కలే. అంటే 42 డిగ్రీల మధ్యాహ్నం రెండూ నిప్పురవ్వకు అంటుకునే స్థితిలోనే ఉంటాయి. తెల్లవారుజామున అనడానికి ఇది రెండో కారణం. మెయిన్ గేటు తీసి ఉంచండి, బీడీ సిగరెట్టు దగ్గరికి రానీయకండి, నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోండి. సర్జికల్ మాస్కు ఆవిరిని ఆపదు, గాలి ఆడటమే మందు.

ద్రావకాన్ని గచ్చు మీద పోయవద్దు, గుడ్డ మీద పోయండి. అడుగు చదరానికి 100 నుంచి 150 మి.లీ. చాలు. మరక చుట్టూ ఆరంగుళాల మేర గచ్చును ముందు తడిబట్టతో చెమ్మ చేసి పెట్టుకుంటే మంచిది, రంధ్రాల్లో అప్పటికే నీళ్లుంటే నూనె జాతి ద్రవం పక్కకు పాకడం తగ్గుతుంది. మరక మాత్రం పొడిగా ఉండాలి. తడిపిన గుడ్డను మరక మీద పరిచి అయిదు నిమిషాలు ఉంచి, పొడి గుడ్డతో నొక్కి ఎత్తండి. రుద్దకండి, అద్దండి. గుడ్డ నల్లబడ్డ వైపు మళ్లీ వాడకండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే పైన మిగిలిన పల్చటి పొర పోతుంది. గుడ్డకు రంగు అంటడం తగ్గగానే ఆపేయాలి. ఇక లోపలున్నది అద్దితే రాదు.

పట్టు వేయడం

బెణికిన కాలికి పట్టు వేసినట్టే గచ్చుకూ వేయాలి. పీల్చే పొడిలో ద్రావకం కలిపి మరక మీద మందంగా పూయడం. సగం మంది ఈ పని చేయరు, చేసినవాళ్లలో చాలామంది దాన్ని మధ్యలోనే తీసేస్తారు.

పొడికి సుద్దపొడి మొదటి ఎంపిక, పెయింటు సామాన్ల షాపుల్లో కిలోల్లో దొరుకుతుంది, తెల్లగా ఉంటుంది కాబట్టి ఎంత తారు లాగిందో కంటికి తెలుస్తుంది. ముల్తానీ మట్టి ఇంకా బాగా పీలుస్తుంది, కానీ తెల్ల సిమెంటు గచ్చు మీద లేత పసుపు ఛాయ వదలవచ్చు, ఓ మూల వేసి చూసుకోండి. రంపపు పొట్టు ఒలికిన ద్రవాన్ని పీల్చడానికి బాగుంటుంది, పట్టుకు పనికిరాదు. గచ్చుకు అతుక్కుని ఉండదు, మధ్య మధ్య గాలి సందులుంటాయి.

అడుగు చదరపు మరకకు అన్ని వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ వేసుకుంటే పదహారు అంగుళాల చదరం అవుతుంది. దాని మీద పావు అంగుళం మందానికి సుమారు కిలో పొడి, అర లీటరు టర్పెంటైన్ కావాలి. ద్రావకాన్ని ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా పోస్తూ కలపండి, పొడి రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. దోసెల పిండిలా జారితే ఎక్కువైనట్టు, జారిన ద్రావకమంతా మరకను పక్కకు తోస్తుంది. గారెల పిండిలా చేతిలో నిలిస్తే సరి. ప్లాస్టిక్ మగ్గులో కలపకండి, కొన్ని రకాలు మెత్తబడతాయి. పాత స్టీలు గిన్నె వాడి, మళ్లీ వంటింటికి తీసుకెళ్లకండి.

బయటి అంచున మొదలుపెట్టి నడిమికి పూసుకుంటూ రండి. అంచుల దగ్గర పల్చగా వదిలేస్తే అక్కడ ముందు ఆరిపోయి, తారు ఆ గీత దగ్గరే ఆగి ఉంగరంలా మిగులుతుంది. మందం అంతటా ఒకటే ఉండాలి. మధ్యలో గాలి బుడగలు లేకుండా తాపీతో నొక్కండి. పైన మందపాటి పాలిథిన్ కవరు పరిచి, అంచుల్ని మాస్కింగ్ టేపుతో అంటించండి, గచ్చు దుమ్ముగా ఉండి టేపు నిలవకపోతే ఇటుక ముక్కలు పెట్టండి.

ఇక్కడి నుంచి రెండు వేరు వేరు పనులు జరగాలి. కవరు కింద ఉన్న 24 గంటలూ ద్రావకం గచ్చులోకి దిగి తారును కరిగిస్తుంది. కవరు తీశాక పైనుంచి ఆరడం మొదలవుతుంది, ఆరుతున్న పొడి కిందనున్న ద్రవాన్ని దీపం వత్తి నూనెను లాగినట్టు పైకి లాగుతుంది, తారు దానితో పాటు వచ్చి పొడిలో చిక్కుకుంటుంది. కవరు వేయకపోతే కరగకముందే ఆరిపోతుంది. కవరు తీయగానే తడి పట్టును గీకేస్తే, కరిగిన తారంతా గచ్చులోనే ఉండగా లాగే సాధనాన్ని పారేసినట్టు. పూర్తిగా ఎండి, పెచ్చులుగా పగిలేదాకా ఆగాలి. వేసవిలో ఒకరోజు, వానాకాలం ముసురులో రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఈలోగా అక్కడ బండి పెట్టకుండా రెండు కుర్చీలు అడ్డం పెట్టండి, నోటీసు ఎవరూ చదవరు.

ఎండిన పట్టును చెక్క ముక్కతో ఎత్తి, అడుగు వైపు తిప్పి చూడండి. గోధుమరంగు పట్టి ఉంటే పని జరిగినట్టు, మళ్లీ కొత్త పొడితో వేయండి. మామూలుగా రెండు మూడు సార్లు కావాలి. పట్టు తెల్లగానే తిరిగి వస్తే ఇక ఆపండి, ఈ దారిలో వచ్చేది వచ్చేసింది.

సబ్బు, ఆ తర్వాతే నీళ్లు

ద్రావకం తడి ఇంకా ఉన్న గచ్చు మీద ముందు నీళ్లు పోయకూడదు. నీళ్లకూ నూనెకూ పొసగదు, నీళ్లు దాన్ని పక్కకు నెడతాయి అంతే. ముందు గిన్నెలు తోమే ద్రవం సబ్బును నీళ్లు కలపకుండా, అడుగు చదరానికి రెండు పెద్ద చెంచాలు వేసి కొబ్బరి పీచు బ్రష్‌తో అయిదు నిమిషాలు రుద్దండి. ఆ తర్వాత గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు. పాలలా తెల్లగానో లేత గోధుమగానో నురుగు వస్తే జిడ్డు నీళ్లలో కలిసినట్టు. దాని మీద రంపపు పొట్టు చల్లి పీల్పించి చేటలోకి ఎత్తండి. అప్పుడు చేయి పట్టగలిగినంత వేడి నీళ్లతో కడిగి తడిగుడ్డతో తుడవండి.

కడిగిన నీళ్లు ఎటు పోతాయో పని మొదలుపెట్టే ముందే చూసుకోవాలి. మన అపార్ట్‌మెంట్లలో మంచినీళ్ల సంపు మూత, బోరు, ఇంకుడు గుంత, లిఫ్టు గుంత, నాలుగూ పార్కింగులోనే ఉంటాయి. సంపు మూత అంచులు అరుదుగా బిగుతుగా ఉంటాయి. గచ్చు వాలు అటుంటే మూత చుట్టూ తడి మట్టితోనో పాత దుప్పటి చుట్టతోనో గట్టు కట్టండి. గ్లాసుడు టర్పెంటైన్ సంపులోకి పోతే సంపు ఖాళీ చేసి కడగడం తప్ప వేరే దారి లేదు.

వాడిన గుడ్డలు, పొట్టు, పట్టు పొడి బయట గాలికి పరిచి వాసన పోయేదాకా ఆరనిచ్చి, మూత ఉన్న రేకు డబ్బాలో వేసి ఉంచండి. తడి చెత్త, పొడి చెత్త బండి రెండిటిలోనూ కాకుండా ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వండి. తగలబెట్టడం అసలే వద్దు.

చేయకూడనివి, ఎందుకు

యాసిడ్‌తో తారుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ తినేది సిమెంటును, గచ్చులోని సున్నం జాతి పదార్థాలను. నురుగు వస్తుంది కాబట్టి ఏదో పని జరుగుతోందనిపిస్తుంది, ఆ నురుగు మీ గచ్చు కరుగుతున్న నురుగు. పై పొర పోయి ఇసుక తేలాక తారు దిగడానికి దారులు ఇంకా పెరుగుతాయి. దాని ఆవిరికి పక్కనున్న బండ్ల డిస్కులు, స్పోకులు తుప్పు పడతాయి. యాసిడ్ వేశాక బ్లీచింగ్ పౌడరు చల్లారంటే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసి ఉన్న సెల్లార్లలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

గ్యాసు బర్నరుతో కాల్చడం ఇంకో అలవాటు. వేడికి తారు నీళ్లలా మారి రంధ్రాల్లోకి దిగుతుంది, గచ్చులోని చెమ్మ ఆవిరై పై పొరను పెచ్చులుగా ఎగరగొడుతుంది. వంటనూనె తారును మెత్తబరుస్తుంది, నిజమే. చేతులకు అంటిన తారుకు కొబ్బరినూనెను మించింది లేదు, కారు రంగు మీద చుక్కలకూ బాగుంటుంది. గచ్చు మీద మాత్రం నూనె మరక తారు మరకకు తమ్ముడిలా మిగులుతుంది.

ప్రెషర్ వాషర్ ఉంటే సబ్బు దశ తర్వాత వాడండి, ముందు కాదు. వెడల్పు పాయ నాజిల్‌ను అడుగు దూరంలో ఉంచి. సూది ధార నాజిల్ గచ్చు మీద గీతలు కోస్తుంది, ఆ గీతలు మరకకంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

నేల సిమెంటు గచ్చు కాకపోతే లెక్క కొంచెం మారుతుంది. నునుపైన విట్రిఫైడ్ పార్కింగ్ టైల్ మీద గీకి టర్పెంటైన్‌తో తుడిస్తే అయిపోతుంది, జాయింట్లలో మాత్రమే మిగులుతుంది. తాండూరు, షాబాద్ బండలు సున్నపురాళ్లు, వాటి దగ్గరికి యాసిడ్ రానీయకండి, పట్టు మాత్రం ఇలాగే వేయొచ్చు. పేవర్ బ్లాకులైతే ఇంత కష్టమెందుకు, ఆ రెండు బ్లాకులు పెకలించి కొత్తవి పెట్టించండి.

ఇంకా మిగిలితే

మూడు పట్లు వేశాక కూడా లేత గోధుమ నీడ మిగలవచ్చు. తడి గచ్చు మీద అది ఎక్కువగా కనిపిస్తుంది, వారం ఆరనిచ్చి అప్పుడు చూసి తేల్చుకోండి. చాలామందికి అక్కడితో సరిపోతుంది, సరిపోవాలి కూడా. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చే ముందు ఆలోచించండి. ఎందుకంటే తర్వాతి మెట్టు గ్రైండింగ్, అది తీసేది మరకను కాదు, గచ్చు పై పొరను.

గ్రైండింగ్ చేయించాలంటే నాలుగంగుళాల గ్రైండరుకు డైమండ్ కప్పు చక్రం, లేదా మొజాయిక్ పాలిష్ మిషనుకు ముతక రాయి. తారు మందంగా ఉండగా మిషను పెడితే రాపిడి వేడికి కరిగి రాళ్ల పళ్లను పూడ్చేస్తుంది, గచ్చంతా పూస్తుంది. అందుకే గీకుడూ పట్టూ అయ్యాకే మిషను. పొడిగా చేస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా కూర్చుంటుంది. పాలిష్ మిషను అయితే నీళ్లు పోస్తూ చేయించండి, చేతి గ్రైండరు అయితే దుమ్ము లాగే వ్యాక్యూమ్ తగిలించి, చేసేవాడికి ఎన్95 మాస్కు ఇచ్చి చేయించండి. మరకంత మేరకే అరగదీస్తే అక్కడ కంకర తేలి చందమామలా తెల్లగా కనిపిస్తుంది, ఒక కారు నిలిచే గడి మొత్తం తీయించాల్సి వస్తుంది.

మరక మీద సిమెంటు పాలు పూసేయడం, రంగు వేసేయడం రెండూ కొన్నాళ్ల ముచ్చటే. తారు మీద సిమెంటు పట్టదు, టైరు తిరిగినప్పుడు పెచ్చుగా లేస్తుంది. ఎపాక్సీ వేస్తే కింది తారు నూనెలు పైకి ఊరి గోధుమ చారలు పడతాయి. రంగు వేయాలనుకున్న నేలకైతే గ్రైండింగ్ తప్పదు.

తారు వచ్చే దారి

గచ్చు పలకల మధ్య జాయింట్లలో తారు పోసి ఉంటే ప్రతి ఏప్రిల్‌లో అది ఉబికి టైర్లకు అంటి మళ్లీ మచ్చలు పెడుతుంది. తాత్కాలికంగా దాని మీద రాతి పొడి చల్లితే జిగురు తగ్గుతుంది. శాశ్వతంగా అయితే చలికాలంలో, తారు పెళుసుగా ఉన్నప్పుడు, ఉలితో దాన్ని తవ్వి తీసి, జాయింటు గోడల్ని గ్రైండరు బ్లేడుతో శుభ్రం చేసి, అడుగున ఫోమ్ తాడు దూర్చి, పైన పాలియురెథేన్ సీలెంట్ నింపించాలి. జాయింటు వెడల్పు అర అంగుళమైతే సీలెంట్ లోతు పావు అంగుళం చాలు. లోతుగా నింపితే సాగలేక అంచుల దగ్గర ఊడిపోతుంది. తారు తవ్వకుండా దాని మీదే సీలెంట్ పూస్తానంటే ఒప్పుకోకండి, అది అతుక్కోదు.

వీధిలో రోడ్డు పని నడుస్తుంటే గేటు ర్యాంపు మీద రెండు తట్టల రాతి పొడి పరిచి, బండ్లను దాని మీదుగా మెల్లగా లోపలికి తీసుకురమ్మనండి. టైరుకు అంటిన జిగురు అక్కడే పొడి పట్టుకుని ఆరిపోతుంది. టైరు గాళ్లలో ఇరుక్కున్న తారు కంకరను స్క్రూడ్రైవర్‌తో తీయండి, టైరును కిరసనాయిలుతో కడగకండి, రబ్బరు ఉబ్బుతుంది. రోడ్డు వేసిన పది రోజుల దాకా కారు కింద పాత గోనె సంచులు రెండు పరిస్తే చాలు, మరక సంచికి పడుతుంది.